బొమ్మలేసేవాళ్ళకు మెయిలింగ్ లిస్టు: ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది

నా మొదటి మెయిలింగ్ లిస్టు ఒక డ్రాయింగ్ పుస్తకం చివరి పేజీ. ఎగ్జిబిషన్‌కి వచ్చినవాళ్ళలో పదకొండు మంది వెళ్తూ వెళ్తూ తమ మెయిల్ ఐడీలు అందులో రాసిపెట్టారు. రెండేళ్ళ తర్వాత మళ్ళీ బొమ్మలు ప్రదర్శనకు పెట్టినప్పుడు ఆ పదకొండు మందికీ కబురు పంపితే నలుగురు వచ్చారు, ఒకరు బొమ్మ కొన్నారు. అదే కబురు సోషల్ మీడియాలోనూ పెట్టాను. అక్కడ నన్ను ఫాలో అవుతున్నవాళ్ళు ఈ పదకొండు మందికి ఎన్నో రెట్లు. లైకులు బాగానే వచ్చాయి. మనుషులే రాలేదు.

మెయిల్ మీద నాకు అప్పుడే గురి కుదిరింది. కుదరనిదల్లా ఆ లిస్టును ఎక్కడ ఉంచాలన్నదే. ఇప్పటికి నాలుగు చోట్లకు మార్చాను. అందుకే ఎవరైనా "ఏ సర్వీసు మంచిది?" అని అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: అక్కడి నుంచి బయటపడాలంటే ఎంత పని?

పెళ్ళికి ముందే విడాకుల మాటేమిటి అనుకోవద్దు. రివ్యూ అని ఒక న్యూస్‌లెటర్ సర్వీసు, అంటే లిస్టులోవాళ్ళందరికీ ఒకేసారి మెయిల్ పంపిపెట్టేది, ఉండేది. ట్విట్టర్ దాన్ని 2021 జనవరిలో కొని, 2023 జనవరి 18న మూసేసింది. టైనీలెటర్ అని ఇంకొకటి. ఉచితం, హంగులేమీ లేవు, ఉత్తరం రాసినంత సులువుగా రాసి పంపేయొచ్చు. అది 2011లో మెయిల్‌చింప్ అనే ఇంకో మెయిల్ సర్వీసు చేతికి వెళ్ళింది, 2024 ఫిబ్రవరి 29తో దాని కథ ముగిసింది. చందాదారుల చిట్టాను ముందే దించుకున్నవాళ్ళకు అది ఇల్లు మారినంత పని. దించుకోనివాళ్ళకు మళ్ళీ సున్నా నుంచి మొదలు.

కాబట్టి ఎక్కడ ఖాతా తెరిచినా మొదటి రోజే ఒక పని చేయండి. మీ పేరూ, మీ ఇంకో మెయిల్ ఐడీ, ఒక స్నేహితుడిదీ చేర్చి, ఆ చిట్టాను సీఎస్‌వీ ఫైలుగా (ఎక్సెల్ లాంటి ఏ పట్టికలోనైనా తెరుచుకునేది) దించి చూడండి. పేర్లు, ఐడీలు, చేరిన తేదీలు, మీరు పేర్ల పక్కన పెట్టుకున్న ట్యాగులు (గుర్తులు) అన్నీ ఆ ఫైల్లోకి వస్తే సరే. ఒక్క ఐడీలే వస్తే, రేపు మీతోపాటు వచ్చేది సగం లిస్టే.

వాట్సాప్ ఉండగా మెయిల్ ఎందుకు

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. అందరూ రోజంతా అక్కడే ఉంటారు కదా, మెయిల్ ఎవరు చూస్తారు అని.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందికి మించి పట్టరు. అదైనా సర్దుకోవచ్చు, ఇంకో లిస్టు తెరిస్తే పోతుంది. అసలు చిక్కు వేరే ఉంది: అవతలివాళ్ళు మీ నంబరు సేవ్ చేసుకుని ఉంటేనే ఆ మెసేజ్ వాళ్ళకు చేరుతుంది. ఎగ్జిబిషన్‌లో బొమ్మ చూసి ముచ్చటపడి తన నంబరు ఇచ్చివెళ్ళిన మనిషి, ఇంటికెళ్ళి మీ నంబరు సేవ్ చేసుకుంటారన్న భరోసా ఏముంది? 2023లో వచ్చిన ఛానెళ్ళలో ఈ పరిమితి లేదు. కానీ ఛానెల్‌లో చేరినవాళ్ళ నంబర్లు మీకు కనబడవు. వెయ్యి మంది చేరినా సరే, ఆ వెయ్యి మందినీ వెంటబెట్టుకుని ఇంకోచోటికి పోలేరు. ఇన్‌స్టాగ్రామ్ ఫాలోవర్ల సంగతీ అంతే. మన ఎదురు ప్రశ్న దగ్గరే ఈ రెండూ ఆగిపోతాయి.

అలాగని వాటిని వదిలేయమనను. "ఇవాళ సాయంత్రం స్టూడియో తెరిచి ఉంటుంది, రండి" లాంటి కబుర్లకు వాట్సాప్‌ను మించింది లేదు. మెయిల్ గుణం వేరు. అది అవతలి మనిషి దగ్గర పడి ఉంటుంది. నాకు ఒకసారి పద్నాలుగు నెలల కిందటి మెయిల్‌కు జవాబు వచ్చింది, "ఆ మూడో బొమ్మ ఇంకా ఉందా?" అని. పద్నాలుగు నెలల కిందటి స్టేటస్‌కు జవాబు ఎక్కడైనా విన్నామా!

మామూలు జీమెయిల్ చాలదా

యాభై అరవై మంది ఉన్నంతవరకు చాలు. నిజానికి అదే మేలు కూడా. ఒక్కొక్కరికీ పేరు పెట్టి, రెండు ముక్కలు మార్చి రాస్తే ఏ సర్వీసు పంపే మెయిలూ దానికి సాటి రాదు. మామూలు జీమెయిల్ ఖాతా నుంచి రోజుకు 500 మందికి మించి పంపనివ్వరు కానీ, మనం అంతదాకా వెళ్ళేలోపే వేరే ఇబ్బందులు మొదలవుతాయి.

నాకు జరిగిందే చెబుతాను. ఒకసారి హడావిడిలో అందరి ఐడీలూ ఒకరివి ఒకరికి కనబడని బీసీసీ గడిలో పెట్టబోయి పైన "టు" గడిలో పెట్టేశాను. నా బొమ్మలు కొన్నవాళ్ళు, కొనబోయి మానేసినవాళ్ళు, ఒక గ్యాలరీ నడిపే ఆయన, మా చిన్నాన్న, అందరూ ఒకరి ఐడీ ఒకరు చూసుకున్నారు. మా చిన్నాన్న "రిప్లై ఆల్" నొక్కి ఆశీస్సులు కూడా పంపాడు. నవ్వుకున్నా, ఒకాయన మాత్రం నొచ్చుకుని తన పేరు తీసేయమన్నారు. తీసేశాననుకున్నాను. తర్వాతి మెయిల్ ఆయనకు మళ్ళీ వెళ్ళింది. చేత్తో నడిపే లిస్టులో తప్పుకోవడానికి లింకు ఉండదు, ఎవరు తప్పుకున్నారో గుర్తుపెట్టుకోవాల్సింది మనమే. నేను సర్వీసుకు మారడానికి కారణం ఆయనే.

డబ్బు లెక్క ఎలా కడతారో చూడండి

సర్వీసులను పోల్చేటప్పుడు చాలామంది అందమైన టెంప్లేట్లు చూస్తారు. చిత్రకారులకు వాటితో పని తక్కువ, బొమ్మే అలంకారం. చూడాల్సింది వాళ్ళు దేన్ని లెక్కగట్టి డబ్బు అడుగుతారన్నది. ఇందులో మూడు దారులున్నాయి.

మొదటిది తలసరి లెక్క. లిస్టులో ఎంతమంది ఉంటే నెలనెలా అంత. మెయిల్‌చింప్, మెయిలర్‌లైట్, కిట్ ఈ దారివే. కిట్ అంటే కొత్తదేమీ కాదు, 2024 దాకా కన్వర్ట్‌కిట్ అని పిలిచిందే. నెలకు రెండుమూడుసార్లు రాసేవాళ్ళకు ఈ లెక్క గిట్టుబాటు. ఏడాదికి నాలుగుసార్లు, అదీ ఎగ్జిబిషన్ ఉన్నప్పుడే రాసేవాళ్ళకు మాత్రం ఏమీ పంపని ఎనిమిది నెలలకూ అద్దె కట్టినట్టే. ఇంకో మెలిక: మెయిల్‌చింప్ లెక్కలో తప్పుకున్నవాళ్ళు కూడా ఒక తలే. మీరు వాళ్ళను ఆర్కైవ్‌లోకి నెట్టేదాకా బిల్లులో ఉంటారు. ఎవరూ చెప్పకపోతే ఇది తెలియడానికి చాలాకాలం పడుతుంది.

రెండోది పంపిన మెయిళ్ళ లెక్క. 2023లో సెండిన్‌బ్లూ పేరు మార్చుకుని బ్రెవో అయింది కదా, దాని పద్ధతి ఇది. లిస్టు ఎంత పెద్దదన్నది కాదు, ఎన్ని పంపారన్నదే లెక్క. ఉచిత ప్లాన్‌లో రోజుకు 300 మెయిళ్ళు. నాలుగువందల మంది ఉన్న లిస్టుకు ఒకే రోజు పంపలేరు, రెండు రోజులుగా విడగొట్టాలి. అది కాస్త చిరాకే. కానీ ఎప్పుడో ఒకసారి రాసే చిత్రకారులకు, శిల్పులకు నేను మొదట చెప్పేది ఈ దారే.

మూడోది వాటా. రాసింది మెయిల్‌గా పంపి, అదే వెబ్ పేజీలోనూ ఉంచే సబ్‌స్టాక్ ఈ దారిది, 2017లో మొదలైంది. ఉచితంగా ఎంతమందికి పంపినా ఏమీ అడగదు. మీరు డబ్బు తీసుకుని చందాలిస్తే అందులో 10 శాతం తీసుకుంటుంది, కార్డు చెల్లింపుల రుసుము విడిగా ఉంటుంది. లిస్టు దించుకోనిస్తుంది కూడా. మరి అందరూ ఇక్కడికే రావచ్చు కదా? రాయడం ఇష్టమైతే తప్పకుండా రండి. బొమ్మ వెనకాల కథ, రంగు కలిపేటప్పుడు పడ్డ తిప్పలు, చూసొచ్చిన మ్యూజియం, ఇలా చెప్పుకునేవి ఉన్నవాళ్ళకు ఇది నిండైన చోటు. ఇతరుల పేజీల నుంచి సిఫారసుల మీద కొత్తవాళ్ళు కూడా వచ్చి చేరతారు. అయితే అలా చేరినవాళ్ళలో చాలామందికి మీ బొమ్మ ఒక్కటీ గుర్తుండదు. ఇంకో సంగతి, అక్కడ "ఫాలోవర్" వేరు, "సబ్‌స్క్రైబర్" వేరు. ఫాలోవర్లు మీరు దించుకునే చిట్టాలోకి రారు. ఆ పెద్ద అంకె చూసి మురిసిపోవద్దు.

వాటా ఇవ్వడం ఇష్టంలేక, చందాలూ కావాలనుకుంటే ఘోస్ట్ ఉంది. లాభాపేక్ష లేని సంస్థ నడుపుతున్నది, వాటా తీసుకోదు, దాని కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంటుంది. బదులుగా నెలనెలా హోస్టింగ్‌కు, అంటే దాన్ని సర్వర్‌లో ఉంచినందుకు, కట్టాలి. హంగులు వద్దు, రాసి పంపితే చాలనుకునేవాళ్ళకు బటన్‌డౌన్ బాగుంటుంది. టైనీలెటర్‌ను తలుచుకుని బాధపడేవాళ్ళకు అదే చూపిస్తుంటాను.

ప్రింట్లు ఆన్‌లైన్ దుకాణం పెట్టి అమ్ముతుంటే, బయట వెతకకుండా ముందు ఆ దుకాణం నడిపే సర్వీసులోనే మెయిల్ సౌకర్యం ఉందేమో చూడండి. షాపిఫై, స్క్వేర్‌స్పేస్ లాంటివాటిలో ఉంటుంది. ఎవరు ఏ ప్రింటు కొన్నారో అక్కడే ఉంటుంది కాబట్టి, కొన్నవాళ్ళకే అదే బొమ్మ మళ్ళీ అమ్మచూపే ఇబ్బంది తప్పుతుంది. బొమ్మలు నేర్పే క్లాసులు నడిపేవాళ్ళకు మాత్రం కిట్ లాంటిదే నయం. చేరిన రోజు ఒక మెయిల్, మూడో రోజు ఒకటి, వారానికి ఇంకొకటి దానంతట అదే వెళ్ళేలా పెట్టుకోవడం అందులో తేలిక.

సొంత సర్వర్‌లో లిస్ట్‌మాంక్ లాంటి ఉచిత మెయిలింగ్ లిస్టు సాఫ్ట్‌వేర్ పెట్టుకుందామా అని సాంకేతిక పరిజ్ఞానం ఉన్న మిత్రులు అడుగుతుంటారు. మంచి సాధనమే, ఖర్చు లేదు, లిస్టు పూర్తిగా మనదే. కానీ మెయిళ్ళు నిజంగా బయటికి పంపడానికి మళ్ళీ ఇంకో సేవ కావాలి, సర్వర్‌కు అప్‌డేట్లు చూసుకోవాలి. రెండువందల మంది లిస్టుకు అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. ఆ సమయంలో బొమ్మ వేసుకోవచ్చు.

పంపేవారి చిరునామా, ఇంటి చిరునామా

సర్వీసు ఏదైనా, జీమెయిల్, యాహూ ఐడీని "పంపేవారు" గడిలో పెట్టొద్దు. సొంత డొమైన్ (మీ పేరు మీద ఉండే వెబ్ చిరునామా) ఒకటి తీసుకుని దాని మీద ఐడీ పెట్టుకోండి. యాహూ 2014లోనే తన ఐడీతో బయటి సర్వీసుల ద్వారా వచ్చే మెయిళ్ళను తిరస్కరించమని మిగతా మెయిల్ సంస్థలకు చెప్పేసింది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ రెండూ ఇంకా బిగించాయి. మెయిల్ నిజంగా ఆ డొమైన్‌వాళ్ళే పంపారని ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే రికార్డులతో రుజువు చూపాలి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 పైన పంపేవాళ్ళకు మూడూ తప్పనిసరి, ఒక్క నొక్కుతో తప్పుకునే వీలూ ఉండాలి. మనం అంతమందికి పంపం. అయినా మూడూ పెట్టేయండి, సర్వీసువాళ్ళు ఇచ్చే మూడు నాలుగు వరుసలను డొమైన్ సెట్టింగుల్లో అతికించడమే, అరగంట పని. ఇది చేయకుండా "నా మెయిళ్ళు స్పామ్‌లోకి పోతున్నాయి" అని టెన్షన్ పడేవాళ్ళను చాలామందిని చూశాను.

సొంత డొమైన్‌తో ఇంకో లాభం, సర్వీసు మారినా మీ చిరునామా మారదు. అవతలివాళ్ళకు ఇల్లు మారిన సంగతే తెలియదు.

ఎవరూ ముందు చెప్పని విషయం ఇంకొకటుంది. 2003 నాటి అమెరికా క్యాన్‌స్పామ్ చట్టం ప్రకారం వాణిజ్య మెయిల్ కింద పంపినవాళ్ళ తపాలా చిరునామా ఉండాలి. మెయిల్‌చింప్ లాంటి అమెరికా సర్వీసులు ఏ దేశంవాళ్ళ దగ్గరైనా అది అడుగుతాయి. ఇంట్లోనే బొమ్మలు వేసుకునేవాళ్ళు ఆలోచించకుండా ఇంటి చిరునామా నింపేస్తారు, అది ముక్కూమొహం తెలియనివాళ్ళకు కూడా వెళ్తుంది. ఒంటరిగా పనిచేసుకునే ఆడవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. పోస్ట్ బాక్స్ నంబరు పెట్టినా చట్టం ఒప్పుకుంటుంది.

పేర్లు రాయించుకోవడం: కాగితమా, ఫోనా

క్యూఆర్ కోడ్ అంటించి "స్కాన్ చేయండి" అని వదిలేస్తే పని శుభ్రంగా ఉంటుంది, అక్షరదోషాలు ఉండవు. కాగితం మీద అయితే ఒకటి అంకె, ఇంగ్లీషు ఎల్ ఒకేలా కనబడి నాలుగైదు మెయిళ్ళు తిరిగొస్తాయి. అయినా నేను పుస్తకమే పెడతాను, పక్కన చిన్న కోడ్ ఉంచుతాను. పుస్తకం దగ్గర మనిషి ఆగుతాడు, పెన్ను తీసుకునేలోపు ఒక మాట మాట్లాడతాడు. ఆ మాట రాసుకోవడానికే నాకు పుస్తకం కావాలి. పేజీ పైన మాత్రం "కొత్త బొమ్మలు, ప్రదర్శనల గురించి ఏడాదికి ఐదారు మెయిళ్ళు" అని స్పష్టంగా రాసి ఉంచండి. 2018 నుంచి అమల్లో ఉన్న యూరప్ జీడీపీఆర్ (వ్యక్తిగత వివరాల రక్షణ) నిబంధనలు అడిగే సమ్మతి కూడా దాదాపు ఇదే: దేనికి ఇస్తున్నారో తెలిసి ఇవ్వాలి.

జేబులో ఉన్న విజిటింగ్ కార్డులన్నీ లిస్టులోకి ఎక్కించడం, వేరే ఆర్టిస్టు లిస్టు "అరువు" తీసుకోవడం, ఈ రెండూ చేయొద్దు. స్పామ్ అని నొక్కేవాళ్ళు వెయ్యికి ముగ్గురిని చేరకూడదన్నది గూగుల్ పెట్టిన గీత. అడగకుండా చేర్చినవాళ్ళతో ఆ గీత దాటడం ఎంతసేపు!

చేరేటప్పుడు ఒక్కసారి ఐడీ ఇస్తే చాలా, లేక "మీరేనా?" అని ఇంకో మెయిల్ పంపి నిర్ధారించుకోవాలా అన్నది పాత తగువు. నా తీర్పు ఇది: వెబ్‌సైట్ ఫారంకు రెండోది పెట్టండి, ఎందుకంటే అక్కడికి మనుషులకంటే బాట్లు, అంటే తమంతట తామే ఫారాలు నింపే ప్రోగ్రాములు, ఎక్కువ వస్తాయి. ఎదురుగా నిలబడి చేత్తో రాసినవాళ్ళను మళ్ళీ మీరేనా అని అడగడం నాకు మర్యాదగా తోచదు.

ఒకే లిస్టా, విడివిడిగానా

చిత్రకారుడి లిస్టులో కొనేవాళ్ళు, చూసి సంతోషించేవాళ్ళు, గ్యాలరీవాళ్ళు, తోటి ఆర్టిస్టులు, నేర్చుకునేవాళ్ళు కలిసి ఉంటారు. వీళ్ళకు ఐదు లిస్టులు పెడితే మూడు నెలల్లో ఏది ఏదో మనకే అర్థం కాదు. ఒకే లిస్టు, అందులో రెండు ట్యాగులు: "కొన్నవాళ్ళు", "పత్రికలు–గ్యాలరీలు". కొత్త బొమ్మలు అందరికంటే ఒక రోజు ముందు కొన్నవాళ్ళకు చూపించడానికి మొదటిది, ప్రదర్శన ప్రకటనకు రెండోది. అంతకుమించి నాకు ఎప్పుడూ అవసరం రాలేదు.

నెలకొకసారి రాయాలా అని అడిగితే, నెలకొకటి పూర్తిచేసే వేగం ఉంటే రాయండి అంటాను. ఒక్కో బొమ్మకు నాలుగు నెలలు పట్టే మనిషి నెలనెలా రాస్తే "ఇంకా వేస్తున్నాను" తప్ప చెప్పడానికేం ఉంటుంది? కానీ ఏడాదికి ఒక్కసారే, అదీ అమ్మకానికే రాస్తే, అప్పు కోసమే ఫోన్ చేసే చుట్టంలా తయారవుతాం. మూడు నెలలకొకటి, మధ్యలో ప్రదర్శన ఉంటే ఇంకొకటి. నాకు ఇది కుదిరింది.

మెయిల్ మొత్తాన్నీ ఒకే పెద్ద బొమ్మగా, అక్షరాలు కూడా అందులోనే కలిపి పంపే అలవాటు మనవాళ్ళలో ఎక్కువ. పోస్టర్‌లా అందంగా ఉంటుంది నిజమే. చిత్రాలు చూపించొద్దని సెట్ చేసుకున్నవాళ్ళకు మాత్రం ఖాళీ గడి కనబడుతుంది, తేదీ, వేదిక ఏమీ తెలియవు. అక్షరాలు అక్షరాలుగానే రాసి, మధ్యలో రెండు మూడు బొమ్మలు పెట్టండి. 1200 పిక్సెళ్ళ వెడల్పు చాలు. మెయిల్ కోడ్ 102 కిలోబైట్లు దాటితే జీమెయిల్ తోక కత్తిరించి దాచేస్తుంది, తప్పుకునే లింకు ఉండేది ఆ తోకలోనే.

ఎంతమంది తెరిచారన్న శాతాన్ని చూసి సర్వీసులను పోల్చేవాళ్ళున్నారు. 2021 సెప్టెంబరులో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో గోప్యతా రక్షణ పెట్టినప్పటి నుంచి ఆ అంకె నమ్మదగ్గది కాదు. మనిషి తెరవకపోయినా చిత్రాలు ముందే లోడ్ అవుతాయి, ఆ లోడ్‌నే సర్వీసు తెరిచినట్టు లెక్క వేస్తుంది. నేను జవాబులు లెక్కపెడతాను. ఏడాదికి ఒకసారి, రెండేళ్ళుగా ఉలుకూపలుకూ లేనివాళ్ళకు "ఇంకా ఉండమంటారా?" అని ఒక్క వాక్యం రాస్తాను. అప్పుడూ మాట్లాడకపోతే పేరు తీసేస్తాను, కొన్నవాళ్ళవి తప్ప. బొమ్మ గోడ మీద ఉన్నన్నాళ్ళూ వాళ్ళు మౌనంగా ఉన్నా పర్వాలేదు.

నెల మొదటి తారీఖున లిస్టును సీఎస్‌వీగా దించి, బొమ్మల ఫొటోలుండే ఫోల్డర్‌లోనే పెడతాను. ఆ ఫైల్లో ఏ సర్వీసూ ఇవ్వని గడి ఒకటి నేనే చేర్చుకున్నాను, "ఎక్కడ కలిశాం" అని. మొదటి పదకొండు మందిలో ఒకామె పేరు పక్కన "నీలం నది బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు, కొనలేదు" అని ఉంది. ఈ వారం ఆ నది బొమ్మల వరుసలో కొత్తది పూర్తవుతోంది. ఆమెకు రాయాలి, లిస్టు నుంచి కాదు, విడిగా.